వరసలో మునెమ్మ పేరు

మొన్న చంద్రగిరి నుంచి తిరుపతికి వస్తుంటే బస్సు కిటికీలోంచి పులిసిన మామిడికాయల వాసన కొట్టింది. ముందు తోతాపురి కాయల ట్రాక్టరు పోతోంది. అందరూ ముక్కు మూసుకున్నారు. నేను తల దించుకున్నాను. ఆ వాసనకు నాకు చెంగల్రాయుడు తాత గుర్తొస్తాడు. ఆయన వెనకే నేను చేసిన పని గుర్తొస్తుంది.

తాత మాకు చుట్టం కాదు. మా ఊళ్లో మూడెకరాల మామిడితోట ఉన్న రైతు. ఆ వేసవిలో గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు దళారుల లారీలను నేరుగా లోపలికి పంపి, చిన్న రైతుల ట్రాక్టర్లను రోజుల తరబడి గేటు బయట ఎండలో నిలబెట్టారు. కాయ అక్కడే మగ్గి, కుళ్లి, కారిపోయేది. కొందరు కుర్రవాళ్లు కుళ్లిన కాయలు గేటు మీదికి విసరబోతే తాత అడ్డం నిలబడ్డాడు.

"విసిరేదానికా అబ్బా చెట్టుకు నీళ్లు పోసింది? కూసోండి. ఎవురు ముందొస్తే వాళ్ల బండి ముందు పోవల్ల. మనం అడిగేది అదొక్కటే."

"వాళ్లు ఇనకపోతే?"

"మళ్లీ అడగతాం. నీకేమన్నా పెండ్లికి టయమైపోతా ఉండాదా?"

అందరూ నవ్వి కూర్చున్నారు. నాలుగో రోజుకు మేనేజరు దిగొచ్చాడు. వరస మీరే రాసుకోండి, ఒక్క తేడా వచ్చినా మళ్లీ పాత పద్ధతే అన్నాడు. తాత బండ్ల వరస రాసే పుస్తకం నా చేతికిచ్చాడు. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. నలుగురిలో నోరు విప్పలేక, మా కాయల బండితో గేటు దగ్గరే ఉన్న నాయనకు అన్నం తెచ్చి ట్రాక్టరు నీడలో డైరీ రాసుకునేదాన్ని. "మాట్లాడేవాళ్లు శానామంది ఉండారు పాపా, రాసేవాళ్లే లేరు," అన్నాడు.

రెండ్రోజుల తర్వాత, సాయంత్రానికి ఇంకొక్క బండే లోపలికి పోతుందనగా, నాయన నా పక్కన కూర్చున్నాడు. మా కాయ మెత్తబడిపోతోంది. "ఇప్పుడు పోవాల్సింది మునెమ్మ బండి, మనది ఇంకా మూడు బండ్ల ఎనకుండాది. ఆ యమ్మకు సదువు రాదు. రెండు పేర్లు అటూ ఇటూ ఐతే ఎవురికి తెలుస్తాది?" మునెమ్మ అత్త భర్త పోయాక ఒంటరిగా తోట చేసుకుంటున్న మనిషి. అది తెలిసీ ఆ పేజీ చింపి, కొత్త పేజీలో మంచి దస్తూరితో అంతా మళ్లీ రాశాను.

మా బండి లోపలికి పోయింది. "నేను వాళ్లకంటే ముందొచ్చినాను గదా!" అని మునెమ్మ అత్త అరిచింది. మేనేజరు నవ్వాడు. "ఏం పెద్దాయనా, మీ వరస మీకే కుదర్లేదే?" తాత పుస్తకం తెరిచాడు. చింపిన పేజీ అంచు కుట్టులో మిగిలిపోయింది. దాని మీద బొటనవేలు పెట్టి, ఒక్కసారి నా వైపు చూశాడు. నేను పెన్ను మూత పెట్టుకున్నాను.

"తప్పు నాది," అన్నాడు తాత. "పుస్తకం నేను సరిగ్గా సూసుకోలేదు. రేపు పొద్దున ముందు పోవాల్సింది నా బండి. ఆ తావులో మునెమ్మది పోతాది. నాది అందరికంటే కడాన నిలబడతాది."

మేనేజరు లోపలికి వెళ్లాడు. వరస నిలిచింది. తాత వంతు వచ్చేసరికి ఆయన కాయ సగం కారిపోయింది. దాన్ని రోడ్డు మీద పారబోయలేదు, ఇంటికి తోలుకెళ్లి చెట్ల మొదళ్లలో పోశాడు.

మరుసటి రోజు పుస్తకం మళ్లీ నా ఒళ్లో పెట్టాడు. వద్దు తాతా అన్నాను. "నువ్వే రాయల్ల. సాయంత్రం రాసిందంతా అందరికీ సదివి ఇనిపించల్ల." చిన్న గొంతుతో చదివాను. "గట్టిగా పాపా, కడాబండి దాకా ఇనపడల్ల." అంతకు మించి ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. నా డైరీలో పేజీ చింపిన రోజు తేదీ కింద "మా బండి లోపలికి పోయింది" అని మాత్రమే ఉంది.

తాత పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నేను తిరుపతిలో ఒక ఆసుపత్రిలో రోగుల పేర్లు పిలుస్తాను. నా గొంతు హాలు చివరిదాకా వినపడుతుంది. తెలిసినవాళ్లొచ్చి కాస్త ముందుకు పంపమంటే పంపను. పోయిన నెల మునెమ్మ అత్త కళ్లు చూపించుకోవడానికి వచ్చింది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

"ఆ పుస్తకం రాసిన పాపవు గదా! చెంగల్రాయుడన్న ఎంత మంచి మనిషి. పాపం, ఆ ఒక్క తూరే తప్పు చేసినాడు."

వరసలో వెనక చాలామంది ఉన్నారు. "నీ వంతొచ్చింది అత్తా, లోపలికి పో," అన్నాను. ఆ తప్పు ఇంకా ఆయన పేరు మీదే ఉంది.