చెంచమ్మ చీమ పరీక్ష

పర్చూరుకి రెండు మైళ్ల అవతల ఉన్న ఆ ఊళ్లో, నేతవారి వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా ముందు కబురు వెళ్లేది చెంచమ్మకే. పురుడు పొయ్యడానికి ఆస్పత్రులున్నాయి, సూదులు వెయ్యడానికి నర్సులున్నారు. కానీ తల్లి పాలు మంచివో చెడ్డవో తేల్చడం వాళ్లెవరికి చేతనవుతుంది? ఎంత పెద్ద చదువులు చదివితే మాత్రం! ఆ విద్య ఆ చుట్టుపక్కల ఒక్క చెంచమ్మకే తెలుసు. ఆ మాట చెప్పింది కూడా చెంచమ్మే.

ఆవిడకి నిజంగా వచ్చిన విద్య ఒకటుంది, అది ఒప్పుకోవాలి. చీర కొంగు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపిందంటే అది ఎన్నో నంబరు నూలో చెప్పేస్తుంది, ఎక్కడ పోగు అతికారో కళ్లు మూసుకుని చూపిస్తుంది. షావుకార్లు సైతం ఆవిడ మాటకి ఎదురు చెప్పరు. నూలు తెలిసిన చేతికి పాలు తెలియవా అనుకుంది కాబోలు. యాభై ఏడేళ్లు వచ్చేసరికి వీధిలో సగం మంది పిల్లల ఆకలికి ఆవిడే పెద్దరికం వహిస్తోంది.

పరీక్ష చాలా తేలిక. స్టీలు చెంచాలో నాలుగు చుక్కలు తల్లి పాలు పిండించడం, పంచదార డబ్బా చుట్టూ తిరిగే చీమని ఒకదాన్ని పట్టి అందులో వెయ్యడం. చీమ ఈదుకుంటూ గట్టెక్కితే పాలు అమృతం. మునిగిపోతే విషం. విషమైతే ఆ పూట నుంచి తల్లి పాలు బంద్, డబ్బా పాలో గేదె పాలో పట్టాల్సిందే. అప్పీలు లేదు.

ఇక్కడొక చిన్న సంగతుంది. చీమల్లో గండుచీమలుంటాయి, చలిచీమలుంటాయి. చెంచమ్మకి గిట్టిన కోడళ్ల పాలలోకి ఎందుకో ఎప్పుడూ గండుచీమే వెళ్లేది. అది కాళ్లు ఝాడించుకుని దర్జాగా బయటికి నడిచొచ్చేది. గిట్టని వాళ్ల చెంచాలో ఉన్నట్టుండి చలిచీమ పడేది. పాపం, దాని ప్రాణమెంత! ఆవిడ కావాలని చేసేదనడం అన్యాయం. చెయ్యి దానంతటది అటు పోయేది, అంతే.

చీమ మునిగాక ఎందుకు మునిగిందో కూడా చెప్పేది. తల్లి గుణాలన్నీ పాలలోకి దిగుతాయని ఆవిడ సిద్ధాంతం. ముక్కు మీద కోపం ఉన్నదాని పాలు పిల్లాడికి పైత్యం చేస్తాయట. పగలు నిద్రపోయేదాని పాలు జలుబట. నల్లగా ఉన్నదాని పాలు నీళ్లట. పక్కింటి కరీమున్ మిరప కోతలకి వెళ్తుంది కాబట్టి ఆ ఘాటంతా పాలలోకి ఎక్కిందని, మూడో నెలలోనే దాని కూతురికి పాలు మాన్పించింది. "నా కొడుకుని చూడండే, ఒక్క చుక్క నా పాలు పట్టలా. గేదె పాలతో పెరిగాడు. దున్నపోతులా లేడూ?" అనేది. ఆ మాట ఉదయ్ కుమార్ ఎదురుగానే అనేది. అతను పర్చూరులో పురుగుమందుల కొట్లో పని చేస్తాడు. తల్లి ముందు మాత్రం నోట్లో నాలుక లేనివాడు.

ఆ ఉదయ్ కుమార్ భార్య శ్రీరమ్య. బీకాం చదివింది, తల్లి లేని పిల్ల, అందుకే పురుడు కూడా అత్తవారే ఆస్పత్రిలో పోయించారు. కాన్పయిన రోజున చెంచమ్మ కాఫీ తాగడానికి కిందకి దిగి వచ్చేలోపల ఆస్పత్రి నర్సు పిల్లాడికి ముర్రుపాలు పట్టించేసింది. పైకొచ్చి చూసిన చెంచమ్మ గుండెలు బాదుకుంది. "పచ్చగా చీములా ఉన్నయ్యి తాగిస్తారా! పిండి పారబొయ్యాలని తెలీదూ?" అంది. నర్సు ఆ కేకలు వింటూనే ఇంకో మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక పరీక్ష జరిగింది, చలిచీమ మునిగింది. కానీ శ్రీరమ్య తలుపేసుకుని పాలు పట్టింది. పిల్లాడు మూడు నెలలకే తొడలు మడతలు పడి నిగనిగలాడాడు. పేరు సాయికౌశిక్ అని పెట్టారు, పిలవడం మాత్రం బుజ్జిగాడనే. వాడు ఒళ్లు చేసినకొద్దీ చెంచమ్మ మూతి ముడుచుకుపోయింది.

అంతలో గుంటూరు నుంచి ఒక డాక్టరమ్మ ఊళ్లోకి దిగింది. తల్లి పాలలో జబ్బుల్ని అడ్డుకునే పదార్థాలుంటాయి కదా, అవి ఏ తల్లిలో ఎక్కువ, ఏ తల్లిలో తక్కువ, వయసుని బట్టా, కాన్పుల్ని బట్టా, తిండిని బట్టా అని లెక్క తేల్చే చదువట. ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సుగా ఉన్న మెహర్ ఆవిణ్ణి ఇల్లిల్లూ తిప్పుతూ చెంచమ్మ అరుగు మీదకి తీసుకొచ్చింది. సంగతి వినగానే చెంచమ్మకి ఒళ్లు పులకరించింది. తను ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నది ఇదే కదా! చివరికి సర్కారు దిగొచ్చింది.

"రాసుకో తల్లీ, నేను చెబుతా. కోపం జాస్తి. పగలు నిద్ర. చేతిలో ఫోను దించదు. అన్నానికి పిలిస్తే పది నిమిషాలకి గాని రాదు" అంది, కోడలి నోరు పెగలనివ్వకుండా.

"అవి అక్కర్లేదండీ. అమ్మాయి వయసెంత? ఎన్నో కాన్పు? ఈమధ్య జ్వరాలేమైనా వచ్చాయా?" అని అడిగింది డాక్టరమ్మ.

"కోపానికి గడి లేదూ మీ కాయితంలో?"

"లేదండీ."

"మరేం చదువమ్మా అది!"

డాక్టరమ్మ నవ్వి, శ్రీరమ్య పాలు చిన్న సీసాలో పట్టుకుంది. వెళ్తూ వెళ్తూ ఒక మాటంది. "ఎక్కువతక్కువలు ఇంకా తేలాలి పెద్దమ్మగారూ. ఒకటి మాత్రం తేలిపోయింది. తక్కువున్న తల్లి పాలు కూడా ఆ బిడ్డకి మందే." చెంచమ్మ ఆ మాటని పట్టించుకోలేదు. తన దగ్గర ఒక్క ముక్క కూడా రాసుకోలేదని ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రం మొగుడు భావనారాయణకి ఆ అవమానం నాలుగుసార్లు వినిపించింది. ఆయన మగ్గం గుంటలో కూర్చుని ఊఁ కొట్టాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన చేస్తున్న సంసారం అదే.

మాఘమాసపు మంచులో ఊరంతా దగ్గులు మొదలయ్యాయి. శ్రీరమ్యకి జ్వరం తగిలింది. ఇంకేం, చెంచమ్మ చేతికి పగ్గాలొచ్చాయి. "జ్వరం పాలు పట్టావంటే పిల్లాడు దక్కడు" అని బుజ్జిగాణ్ణి లాక్కుని తన గదిలో వేసుకుంది. డబ్బా పాలు, సీసా తెప్పించింది. పిండిన పాలు మల్లెపాదులో పొయ్యమంది. శ్రీరమ్యకి రొమ్ములు గడ్డకట్టి, ఒకపక్క జ్వరం, ఒకపక్క సలుపు. పిల్లాడి ఏడుపు వినబడినప్పుడల్లా జాకెట్టు తడిసిపోయేది. "అత్తయ్యా, ఒక్కసారి ఇవ్వండి" అని తలుపు దగ్గర నిలబడి అడిగేది. ఉదయ్ కుమార్ "రెండ్రోజులు ఓర్చుకో, అమ్మకి తెలుసులే" అనేవాడు. ఏం తెలుసో వాడికీ తెలియదు.

మూడో రోజుకి పిల్లాడికి దగ్గు, విరేచనాలు. నాలుగో రోజు పొద్దున సీసా నోట్లో పెట్టినా చప్పరించడం మానేశాడు. కళ్లు లోపలికి పోయాయి. శ్రీరమ్య ఇక మొగుణ్ణి అడగలేదు, మెహర్‌కి ఫోన్ చేసింది.

మెహర్ స్కూటీ స్టాండు వేసీ వెయ్యకుండానే లోపలికొచ్చింది. పిల్లాడి చొక్కా ఎత్తి ఎగశ్వాస చూసింది, పొట్ట మీద చర్మం పట్టి వదిలింది. "ఉదయ్ అన్నా, ఆటోకి ఫోన్ చెయ్యి. ఆస్పత్రికి పోవాలి. ఆటో వచ్చేదాకా వీణ్ణి తల్లి దగ్గర వెయ్యండి" అంది.

చెంచమ్మ పిల్లాణ్ణి గుండెకి అదుముకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "వాళ్లమ్మకి జ్వరం. ఆ పాలు పట్టనివ్వను. నా మనవణ్ణి చంపుతారా?"

"అత్తా, నా మాట విను. తల్లికి ఏ జ్వరమొస్తే ఆ జ్వరానికి విరుగుడు ఆమె ఒంట్లోనే తయారవుతుంది, పాలలోకి వస్తుంది. ఇదే రోగం పిల్లాడికీ తగిలింది. దాని మందు నువ్వు నాలుగు రోజులుగా మల్లెపాదులో పోయిస్తున్నావు."

"విషమే. చీమ మునిగింది. నా కళ్లతో చూశా."

గొడవకి వీధి వీధంతా అరుగు కింద చేరింది. మెహర్ ఇక వాదించలేదు. "సరే, నీ పరీక్షే పెడదాం. నేను ఓడితే నోరు మూసుకుని పోతా" అని గబగబా వంటింట్లోంచి చెంచాలు తెచ్చింది. ఒకదాంట్లో డబ్బా పాలు పోసి చలిచీమని వేసింది. మునిగింది. ఇంకోదాంట్లో గేదె పాలు. మునిగింది. మూడోదాంట్లో ఉదయ్ కుమార్ పర్చూరు నుంచి తెచ్చిన మినరల్ వాటరు. అందులోనూ మునిగింది.

"ఇదేంటత్తా, మినరల్ వాటరు కూడా విషమేనా?" అని, శ్రీరమ్య పాలు పిండించి అందులో గండుచీమని వేసింది. అది ఒక్క నిమిషంలో చెంచా అంచెక్కి మీసాలు తుడుచుకుంది. "చలిచీమకి ఈత రాదు అత్తా. అంతే సంగతి."

అరుగు కింద ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది కరీమున్. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. "మరి నా పాలెందుకు మాన్పించావు అత్తా?" అంది. చెంచమ్మ చేతులు వదులయ్యాయి. శ్రీరమ్య వచ్చి పిల్లాణ్ణి తీసుకుంది. మొదట వాడు నోరు తెరవలేదు. నాలుగు చుక్కలు పెదాల మీద పిండితే నాలిక కదిపాడు. ఆటో వచ్చేసరికి రొమ్ము పట్టుకుని లాగుతున్నాడు. ఆస్పత్రిలో మూడు రోజులు సెలైను పెట్టి, తల్లి పాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని చెప్పి పంపించారు. పిల్లాడు తేరుకున్నాడు.

తర్వాత వారం రోజులు ఆ వీధికి పండగే. చెంచమ్మకి చీమల డాక్టరని పేరు పెట్టారు. కుళాయి దగ్గర ఆవిడ కనిపిస్తే చాలు, "పెద్దమ్మా, ఈ నీళ్లు మంచివేనా, ఒక చీమనెయ్యి" అనేవాళ్లు. నిన్నటిదాకా ఆవిడ కాళ్లకి మొక్కినవాళ్లే! ఆవిడ నోరు అన్ని రోజులు మూతపడటం ఆ ఊరు ఎన్నడూ ఎరగదు. ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినడం లేదని శ్రీరమ్యే మెహర్‌తో చెప్పింది.

మెహర్ పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చిన రోజున శ్రీరమ్య అరుగు మీద కూర్చుని పాలు పడుతోంది. చెంచమ్మ పక్కనే రాట్నం మీద కండెలు చుడుతోంది. లోపల భావనారాయణ మగ్గం ఆడుతోంది. వెక్కిరింపులకి మనసు కష్టపెట్టుకుందేమోనని, "పోనీలే అత్తా, తెలియక చేశావు, పిల్లాడు బాగున్నాడుగా" అంది మెహర్.

"మెహరూ, ఒకటడుగుతా, నిజం చెప్పు" అంది చెంచమ్మ. రాట్నం ఆపలేదు. "ఉదయ్‌గాడికి ముందు నాకో ఆడపిల్ల. పుట్టిన తొమ్మిదో రోజున మా అత్త నా పాలలో చీమనేసింది. మునిగింది. అంతే, పిల్లని మళ్లీ నా దగ్గరికి రానివ్వలా. పంచదార నీళ్లు పట్టారు. ఆ గదిలో అది ఏడుస్తుంటే ఈ గదిలో నా చీరె తడిసిపోయేది. ఆ తర్వాత పదిరోజులకి పోయింది. నా పాలే చంపాయని, మాన్పించడం ఆలస్యమైందని మా అత్త అంది. నమ్మాను. నమ్మి, ఉదయ్‌గాడికి ఒక్క చుక్క పట్టలా. ఊళ్లో ఎవరి పాలలో చీమ మునిగినా నాకు ఊరటగా ఉండేది. నా ఒక్కదానివే కాదులే అనుకునేదాన్ని."

శ్రీరమ్య పిల్లాడి వీపు మీంచి చెయ్యి తీసేసి అత్త వంక చూసింది. ఈ ఇంటికొచ్చిన రెండేళ్లలో ఆ మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడు నువ్వొచ్చి పాలకేం తెగులు లేదన్నావు. మరి నా పిల్ల దేనికి పోయింది మెహరూ? ఆకలికా?"

లోపల మగ్గం ఆగింది. భావనారాయణ బయటికి రాలేదు.