రాణీ పింక్ కవాతు

మొన్న సద్దుల బతుకమ్మ నాడు నేను చేసిన ఘనకార్యం మీకింకా తెలీదు కదా! తెలిస్తే నా చదువు మీద మీకున్న ఆ కాస్త గౌరవం కూడా పోతుంది. అయినా చెప్తాను. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు మనశ్శాంతి లేదు.

నా బతుకు మీరెరిగిందే. పొద్దున బ్యాంకు, సాయంత్రం వంటిల్లు, మధ్యలో మిగిలిన ముక్కల్లో పీహెచ్‌డీ. వందేళ్ళ కిందట యూరప్‌లో యూనిఫాంలు తొడుక్కుని, జెండాలు పట్టుకుని, "మావాళ్ళు కానివాళ్ళంతా బయటికి పొండి" అంటూ వీధుల్లో తిరిగిన పార్టీల చరిత్ర నా టాపిక్. మామూలు జనం వాళ్ళ వెనక ఎందుకు నడిచారు, మిగిలినవాళ్ళు ఎందుకు నోరు మూసుకున్నారు అన్నది ఇప్పుడు రాస్తున్న చాప్టర్. ఏళ్ళు గడుస్తున్నాయి, అది తెమలదు. ఆ ఉపన్యాసాలు చదివీ చదివీ, ఆ ఫోటోలు చూసీ చూసీ నాకు మనుషుల మీదే విసుగొచ్చేసింది. "ఇంతమంది మంచివాళ్ళుండగా నీకు వాళ్ళే దొరికారా?" అంటారు మా ఆయన. నిజమే. పిట్టల మీదో పూల మీదో చేసి ఉంటే ఈపాటికి డాక్టర్ని అయిపోయేదాన్ని.

సరే, అసలు సంగతి. ఈసారి సూరత్‌లో మా డిండోలి పేటలోని తెలుగు ఆడవాళ్ళందరం ఒకే రకం చీర కట్టాలని లక్ష్మక్క తీర్మానించింది. లక్ష్మక్క అంటే మాకు ప్రెసిడెంట్ లెక్క. వాళ్ళాయన లూమ్ మీద పని చేస్తాడు, తను ఇంట్లో చీరలకు ఫాల్ కుడుతుంది. "సూరత్‌ల ఉండి ఒకడు కొట్టిన డిజైన్ మనం కట్టుడేంది? మనదే కొట్టిద్దాం!" అంది. బతుకమ్మ దగ్గర చేతులెత్తి వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు, అదీ అంచు. మాలో ఒకావిడ కూతురు గీసిచ్చింది. దాన్ని కంప్యూటర్లో శుభ్రం చేసి, ఊరి చివర సచిన్ అనే చోట ప్రింటింగ్ యూనిట్‌లో పనిచేసే మా మరిది శీనుకు అందించే పని నాది. ల్యాప్‌టాప్ ఉన్న పాపానికి!

అదే వారం నాకు సెమినార్. ఒక పాత ఊరేగింపు ఫోటో తీసుకుని, వెనకున్న బిల్డింగులు చెరిపేసి, చేతులు చాచి నిలబడ్డ మనుషుల్ని మాత్రం వరసగా ఉంచి, స్లైడ్ల కింద పట్టీలా పెట్టుకున్నాను. శీనుకు పంపిన పెన్‌డ్రైవ్‌లోనే రెండు ఫైళ్ళూ ఉన్నాయి. రెండిటి పేరూ ఫైనలే. అలసిపోయిన మనిషి ప్రతిదానికీ ఫైనల్ అనే పేరు పెడుతుంది.

శీను ఫోన్ చేసేసరికి నేను ఫుట్‌నోట్లలో మునిగి ఉన్నాను.

"వదినా, మనుషులు లైన్ల నిలబడి చేతులు లేపిన్రు. గిదేనా?"

"అదే, అదే."

"జర మగోళ్ళ లెక్క కొడుతున్నరు వదినా."

"చిన్నపిల్ల గీసింది శీనూ, వంకలు పెట్టకు!"

"మరి రంగులు?"

"నీ ఇష్టం. నాకు అస్సలు టైం లేదు."

అతనిష్టం అతను చేశాడు. పండగ ముందురోజు చీరల మూట వచ్చింది. విప్పాను. పసుపుపచ్చ మీద రాణీ పింక్ అంచు, ఎంత బాగుందో! నా మరిది బంగారం అనుకుంటూ కళ్ళజోడు పెట్టుకున్నాను. అంచు పొడుగునా నా చాప్టర్! బూట్లు, బెల్టులు, టోపీలు, ముందుకు చాచిన కుడిచేతులు, అన్నీ రాణీ పింక్‌లో! పైటచెంగు మీద మనుషులు ఇంకాస్త పెద్దగా ఉన్నారు. మధ్యమధ్యలో శీను సొంత తెలివితో చామంతులు కూడా వేశాడు.

ఫోన్ చేసి అరిచాను. "నేను అడిగిన గదా వదినా!" అన్నాడు. అడిగాడు మరి.

మళ్ళీ కొట్టించే వ్యవధి లేదు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని మూట ఎత్తుకుని లక్ష్మక్క ఇంటికెళ్ళాను. అప్పటికే అందరూ అక్కడ చేరి ఉన్నారు. నేను నోరు తెరిచేలోపు చీరలు చేతులు మారిపోయాయి.

"అబ్బ, ఏం రంగు కొట్టిండు!"

"మనం బతుకమ్మ అంటే దాండియా ఏసిండేంది?"

"గుజరాత్ గదా, గట్లనే ఏస్తరు. మరి కోలలేవి?"

"ప్రింటింగుల పోయినయేమో తియ్!"

లక్ష్మక్కను పక్కకు లాగాను. "అక్కా, డిజైన్ మారిపోయింది. వీళ్ళు మంచివాళ్ళు కాదు."

"ఎవలు?"

"ఈ అంచు మీద ఉన్నవాళ్ళు."

ఆమె అంచు వంక చూసింది, నా వంక చూసింది. "చీర మీదోళ్ళతోని మనకేం పంచాయితీ చెల్లె?"

"కాదక్కా! వేరే భాషవాళ్ళని, బయటినుంచి వచ్చినవాళ్ళని తరిమి తరిమి కొట్టారు వీళ్ళు. చంపారు కూడా. మనలాంటి వాళ్ళనే."

లక్ష్మక్క మొహంలో నవ్వు పోయింది. "గట్లనా? అయితే నువ్వే చెప్పు అందరికి" అంది.

అటు తిరిగాను. ఒకామె చీర భుజాన వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతోంది. ఇంకొకామె వీడియో కాల్లో వాళ్ళమ్మకు చూపిస్తోంది. ఏడాది పొడుగునా ఎవరెవరికో చీరలు మడతపెట్టే మనుషులు వాళ్ళు. ఇది వాళ్ళ సొంత చీర. "ఏం లేదు... రంగు పోతుందేమో, ఉప్పునీళ్ళల్లో నానబెట్టండి" అన్నాను.

"పాలిస్టర్‌కు రంగు పోవుడేంది మేడమ్!" అని అందరూ పడీపడీ నవ్వారు. లక్ష్మక్క కూడా నవ్వింది, ఇందాకటిదంతా నా చాదస్తం అనుకుంది కాబోలు.

"జ్వరమని చెప్పి మానెయ్" అన్నారు మా ఆయన. మానేద్దామనే అనుకున్నాను. కానీ, అప్పటి జనంలో ఒక్కరైనా ఎదురుచెప్పి ఉండాల్సింది అని పేజీలకు పేజీలు దులిపేసిన దాన్ని, జ్వరం పేరు చెప్పి దాక్కుంటే ఏం బాగుంటుంది? వేరే చీర కట్టుకుని వెళ్దామంటే, "బ్యాంకామె గదా, మనతోని కలుస్తదా!" అంటారు. ఆ మాట పడలేను. కాబట్టి ఆ చీరే కట్టుకున్నాను. పైట మడతలు సన్నగా పెట్టి వీలైనంతమందిని లోపలికి తోసేశాను.

ఆట మాత్రం బాగా సాగింది. చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే కాసేపు అంచునే మర్చిపోయాను. అంతా అయ్యాక ఫోటోగ్రాఫర్ వచ్చి అందర్నీ వరసల్లో నిలబెట్టాడు.

"ఆగుర్రి!" అంది లక్ష్మక్క. "చీర మీద ఉన్నట్టే అందరం చేతులు లేపుదాం!"

ఇంక ఇప్పుడు చెప్పకపోతే ఎప్పుడు? "అక్కా..." అన్నాను.

"నవ్వు చెల్లె!" అంది.

అందరూ లేపారు. నేనూ లేపాను. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. ఒక్కదాన్నే చెయ్యి దించుకుని నిలబడితే ఫోటో పాడవుతుందని లేపాను. అంతే! ఇంత చిన్న కారణం నా చాప్టర్లో ఎక్కడా లేదు.

మర్నాడు ఫోటో గ్రూపులో పడింది. తెరిచాను. ఒకామె బస్సు ఆపుతున్నట్టుంది. ఇంకొకామె ఎడమచెయ్యి లేపింది. లక్ష్మక్క రెండు చేతులూ లేపి లోకాన్ని దీవిస్తోంది. ఎవరిదీ తీరుగా లేదు. హమ్మయ్య, బతికిపోయాం అనుకున్నాను.

అప్పుడు కనిపించాను నేను. ముందు వరసలో, సరిగ్గా నడుమ. కుడిచెయ్యి, మోచెయ్యి వంగకుండా, వేళ్ళు దగ్గరగా కలిపి, ఎంత ఎత్తు ఉండాలో అంతే ఎత్తు. ఇన్నేళ్ళ చదువు ఎక్కడికి పోతుంది!

ఫోటో కింద లక్ష్మక్క వాయిస్ మెసేజ్ కూడా ఉంది: "ఒక్కలకన్న సక్కగ రాలే! వచ్చే ఏడు అందరు ముందుగాలనే ప్రాక్టీస్‌కు రావాలె. మేడమ్ నేర్పిస్తది."