నా నవ్వు నేరం కాదన్న దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, ముందు వరుసలో కూర్చున్న సంఘ పెద్దలారా, మీరు కూడా వినండి, ఎందుకంటే మూడేళ్లు నేను బతికుండగానే చచ్చాను, నన్ను అలా చేసింది మీ నోటి మాటే!

నా భర్త వరిచేలో పాము కరిచి చనిపోయేటప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు, చంకలో ఏడాది నిండని పాప. అంతకుముందు గన్నవరం చుట్టుపక్కల ఏ ఊరికి నాట్లకు పిలిచినా ఆడవాళ్లు "కరుణమ్మ వస్తేనే మేమూ వస్తాం" అనేవాళ్లు. నేను పాట ఎత్తుకుంటే నడుం నొప్పి మరిచిపోయేవాళ్లు, నేను నవ్వితే గట్టు మీది రైతు కూడా నవ్వేవాడు, ఆ సందడి దేవుడిచ్చిందే కదా! భర్త పోయిన రెండో నెలలో చేలో ఎవరో ఏదో అంటే ఆపుకోలేక నవ్వాను. అంతే! ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన నన్ను అందరి ముందు నిలబెట్టి, "మొగుణ్ణి మట్టిలో పెట్టినదానికి నవ్వేంటమ్మా? ఇకమీదట గుళ్లో పాట నువ్వు ఎత్తొద్దు" అన్నారు. మా అత్త పక్కనే ఉండి తల వంచుకుంది.

మొదట నా పాట పోయింది, తర్వాత గొంతే పోయింది, గుసగుస తప్ప మాట రాలేదు. ఎర్ర బస్సెక్కి విజయవాడ వెళితే డాక్టరు గారు టార్చిలైటు వేసి చూసి, "గొంతులో ఏ జబ్బూ లేదమ్మా" అని పంపేశారు. మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

ఒక మధ్యాహ్నం కోడిపిల్ల ఒకటి నా చీర కుచ్చెళ్లలో దూరింది. నాలుగేళ్ల నా కూతురికి నవ్వొచ్చి, గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏమిటని సైగ చేస్తే, "నవ్వితే గుళ్లో తిడతారంటమ్మా, నాయనమ్మ చెప్పింది" అంది. అయ్యో సహోదరులారా, నా ఒళ్లు మండిపోయింది! పాపను చంకనేసుకుని ఆ ఎండలోనే గుడికి నడిచి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, మోకరించకుండా నిలబడే అడిగాను: "ప్రభువా, నా భర్తను తీసుకున్నావు, ఏడ్చి ఊరుకున్నాను. నా బిడ్డ నవ్వు కూడా కావాలా నీకు? ఈ శిక్ష వేసింది నువ్వా, వాళ్లా? నువ్వే అయితే చెప్పు, ఇక నీ గుమ్మం తొక్కను!"

నా మాట గోడలకు తగిలి నా చెవినే పడింది, అప్పుడు గాని తెలియలేదు, నేను అరుస్తున్నానని! దేవునికే మహిమ! ఏడుస్తూ, నవ్వుతూ పాట ఎత్తుకున్నాను, పాప చప్పట్లు కొట్టింది. ఇంతలో వెనక నుంచి బొంగురు గొంతు ఒకటి కలిసింది. చూస్తే మా అత్త, మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది.

"మీ మామ పోయినప్పుడు నాకూ ఇట్టాగే చెప్పారే. ఇరవయ్యేళ్లు నోరు మూసుకున్నా. దాన్ని కూడా మూసుకోమన్నా, తప్పయిపోయింది" అంటూ పాపను గుండెకు హత్తుకుంది. ఆమె పాట వినడం నాకు అదే మొదటిసారి.

పెద్దలారా, మిమ్మల్ని క్షమించాను, ఆ మాటను మాత్రం ఎన్నటికీ క్షమించను! వెనక చాపల మీద కొంగు కప్పుకుని కూర్చున్న అక్కల్లారా, మీ కోపంతోనే దేవుని దగ్గరికి రండి, ఆయన విసుక్కోడు, నా మీద విసుక్కోలేదు. ఇప్పుడు నేను పాట ఎత్తుతున్నాను, లేచి నాతో కలవండి!