ముందువాడి మాట

అద్దాల కొట్లో పనిచేసే పెద్దాయనకు ఒక చిన్న మాట ఉంది: "దబ్". ఏ నిఘంటువులోనూ దాని అర్థం దొరకదు, ఊరికే వెతికి శ్రమపడకండి. అది ఒక మెట్టు దగ్గర పుట్టింది.

పెద్ద అద్దమైతే నిలువుగా పట్టుకుని ఇద్దరు ముందూ వెనకా నడవాలి. వెనకవాడికి ముందువాడి వీపు తప్ప నేల కనబడదు. అప్పట్లో ముందు ఈయన బావమరిది, వెనక ఈయన. కొత్తలో ఓ రోజు బావమరిది మెట్టు చూసుకోక దబ్బున కూలబడ్డాడు. మహానుభావుడు, చేతిలో అద్దం మాత్రం వదల్లేదు! ఇద్దరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. అప్పట్నుంచీ మెట్టొస్తే "దబ్". గొయ్యొచ్చినా, యజమాని చిరాగ్గా ఉన్నా "దబ్". ఈయన భార్య పోయాక ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. కూర మాడినా అదే మాట. చివరికి ఆసుపత్రి మంచం మీంచి, డాక్టరు అటు వెళ్లగానే, బావమరిది ఈయన చెయ్యి పట్టుకుని "దబ్, బావా" అన్నాడు. ఈయనకు అర్థమైంది.

అతను పోయాక యజమాని ఒక మీసాలాయన్ని జతచేశాడు. ఈసారి పెద్దాయనే ముందు నడిచాడు. మెట్టు కనబడితే నోరు ఊరుకుంటుందా?

"దబ్!"

"ఏంటన్నా?" అంటూ మీసాలాయన ఒంగి చూశాడు. అంతే, అద్దం భళ్లుమంది.

యజమాని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. మీసాలాయన మాత్రం గాజుముక్కలు ఏరుతూ, "ఇంతకీ ఆ మాటేంటన్నా?" అనడిగాడు. పెద్దాయన అంతా చెప్పేసి, నాలుక కరుచుకున్నాడు.

"భలే ఉందే! మనమూ అదే అనుకుందాం."

"వద్దు తమ్ముడూ. మెట్టొస్తే 'మెట్టు' అను, చాలు."

ఇంకొకరి నోట ఆ మాట వినడం ఆయనకు ఇష్టం లేదు. ఇంట్లో పలకరించే దిక్కు లేదు, బావమరిది గుర్తుగా మిగిలింది ఆ ఒక్క మాటే. అది తనతోనే పోతే చాలనుకున్నాడు.

తర్వాతి అద్దానికి మీసాలాయన ముందు పట్టాడు. ఇరుకు మెట్లు. అంచుకు రాగానే కంగారులో అతనికి "మెట్టు" నోటికి రాలేదు.

"దబ్, అన్నా!"

పెద్దాయన కాలు ఠక్కున ఆగింది. కోపం రావాలి. రాలేదు, ఏడుపొచ్చింది. రెండు చేతులూ అద్దం మీదే ఉన్నాయి, కళ్లు తుడుచుకునే వీల్లేదు.

"ఆగావేంటన్నా?"

"వస్తున్నా తమ్ముడూ, పద," అని, కారేదాన్ని కారనిచ్చి, కాలితో మెట్టు వెతుక్కున్నాడు.