మోమోల బండి గురించి నేను చెప్పని మాట

కొత్తపేటలో కాలవ వంతెన దగ్గర ఒక రేకుల షెడ్డు టిఫిన్ హోటల్ ఉంది. ఇప్పుడు ఆ దారిన వెళ్లాల్సి వస్తే నేను రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడుస్తాను. అయినా పెసరట్టు వాసన వచ్చి తగులుతుంది. నోట్లో నీళ్లూరతాయి. దాంతో నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

తొమ్మిదేళ్లపాటు నా ఉదయాలు ఆ హోటల్లోనే గడిచాయి. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నా భార్య కాకినాడలో నర్సు. ఆదివారం చర్చికి వెళ్లే వేళకి ఇద్దరం ఒకచోట ఉంటాం, మిగతా రోజులు ఎవరి తిండి వాళ్లదే. నాకు వంట రాదు. అందుకని ఊళ్లో ఏ బండి దగ్గర బజ్జీ బాగుంటుందో, ఎవరి ఇడ్లీ ఎన్ని గంటల తర్వాత గట్టిపడుతుందో అన్నీ నాకు తెలుసని గర్వపడేవాణ్ణి. వాటన్నిటిలో ఆ హోటల్ పెసరట్టుకి సాటి లేదు. యాభై దాటిన యజమాని పెనం దగ్గర తనే నిలబడేవాడు. అట్టు అంచులు ఎర్రబడి పైకి లేచేదాకా కదిలేవాడు కాదు.

“మేస్టారూ, ఇంకో గరిటెడు ఉప్మా ఎయ్యమంటారాండీ?”

“ఆయ్, వెయ్యండి.”

ఇదే మా రోజువారీ సంభాషణ. దీన్నే నేను స్నేహం అనుకున్నాను.

రెండేళ్ల కిందట, వానాకాలం మొదట్లో, హోటల్‌కి ఎదురుగా ఒక మూసేసిన షాపు ముందు మోమోల బండి పెట్టారు. నేపాల్ నుంచి వచ్చిన భార్యాభర్తలు. అంతకుముందు రాజమండ్రిలో ఏదో హోటల్ వంటింట్లో పనిచేశారట. భర్త పెద్దగా మాట్లాడడు. ఆవిడ మాత్రం ఇక్కడి తెలుగు ఇష్టంగా నేర్చుకుంది. ప్రతి మాట చివరా ‘అండి’ తగిలించేది. ఒకసారి బండి కింద దూరిన కుక్కని “పోండి, అవతలికి పోండి” అని అదిలిస్తుంటే నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

మోమో అంటే మా వాళ్లకి తెలియదు. పిండి పల్చగా ఒత్తి, లోపల కోడిమాంసం కూరి, అంచులు మడిచి ఆవిరి మీద ఉడికించడం చూసి ‘ఆవిరి కజ్జికాయలు’ అని పేరు పెట్టేశారు. పక్కనే పెద్ద గిన్నెలో నూడుల్స్ వేసిన పులుసు కాగుతుండేది. దాన్ని వాళ్లు థుక్పా అంటారు.

నాకు ఆ పులుసుతోనే మొదట పరిచయం. వైరల్ జ్వరంతో మూడు రోజులు పడుకుని లేచాను. నోరంతా చేదు. పెసరట్టు తలచుకుంటేనే వికారం. సాయంత్రం వాన తెరిపిచ్చాక మందులకని బయటికి వచ్చినవాణ్ణి, ఆ బండి ముందు ఎందుకో ఆగాను. ఆవిడ నా మొహం చూసింది. నేను అడక్కుండానే గిన్నె నింపి ఇచ్చింది.

“తాగండి. చెమట వస్తది అండి. జ్వరం పోతది అండి.”

అల్లం, వెల్లుల్లి, మెత్తగా ఉడికిన కోడి పీచులు, పైన ఇంత కొత్తిమీర. మా అమ్మ జ్వరం వచ్చినప్పుడు కాచే జావకీ దీనికీ రుచిలో పోలికే లేదు. కానీ గొంతు దిగిన తీరు మాత్రం అదే. వీధిలో నిలబడి గిన్నెడు పులుసూ తాగేశాను. నిజంగానే చెమట పట్టింది.

అప్పట్నుంచి ఉదయం హోటల్, సాయంత్రం బండి. నేనొక్కణ్ణే కాదు, నెల తిరిగేసరికి ఊరంతా ఆ బండి చుట్టూ మూగడం మొదలుపెట్టింది. కాలేజీ పిల్లలు, బస్సు దిగినవాళ్లు, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు. సాయంత్రం పూట హోటల్లో వేసే పునుగులు పళ్లెంలో అలాగే చల్లారిపోయేవి.

“ఏటి మేస్టారూ, మీరూ ఆ కజ్జికాయలు తింటన్నారంట?” అన్నాడు యజమాని ఒక ఉదయం. నవ్వుతున్నట్టే అన్నాడు. ఆ రోజు రెండో గరిటె ఉప్మా వెయ్యమంటారా అని నన్ను అడగలేదు.

తర్వాత కొన్నాళ్లకి మా ఉదయపు నడక వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. తోలు తీసి వేలాడదీసిన జంతువు. కింద ‘మన ఊరి మోమోల్లో వాడే కుక్క మాంసం ఇదే, పిల్లల్ని కాపాడుకోండి’ అని రాసి ఉంది. పంపింది హోటల్ యజమాని. నడక అయ్యాక అందరం టిఫిన్ చేసేది అక్కడే కనుక ఆయన్నీ గ్రూపులో చేర్చుకున్నాం.

మర్నాడు నేను టిఫిన్‌కి వెళ్లేసరికి ఏడెనిమిది మంది దాని గురించే మాట్లాడుకుంటున్నారు. ఒకాయన ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

“మీరు బయాలజీ మేస్టారు కదండీ. కుక్కేనా కాదా మీరే చెప్పాలి.”

చూశాను. ఒక వెనక కాలికి గిట్ట ఉంది. గిట్ట రెండుగా చీలి ఉంది. అది మేక. ఏడో తరగతి పిల్లాడు కూడా చెప్పగలడు. అసలు అది ఎక్కడి ఫోటోనో కూడా ఎవరికీ తెలియదు. ఆవిడ కోడిమాంసం ఏ షాపులో కొంటుందో నేను కళ్లారా చూశాను.

అందరూ నా వంకే చూస్తున్నారు. యజమాని అట్లకాడ పట్టుకుని ఆగిపోయాడు. నా ముందు వేడి పెసరట్టు ఉంది.

“ఫోటో స్పష్టంగా లేదండీ. చెప్పలేం,” అన్నాను.

“చూసేరా? మేస్టారే కాదనలేకపోతన్నారు!” అన్నాడు యజమాని. నా ఆకులో రెండో గరిటె ఉప్మా పడింది. తిన్నాను.

ఆ సాయంత్రం నేను బండి వైపు వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. అయిదో రోజు వెళ్తే అక్కడ బండి లేదు. పక్కన మిషను కుట్టే ఆవిణ్ణి అడిగాను.

“ఎల్లిపోయేరండీ. పులుసు గిన్నెలో ఎవరో మట్టి పోసేరు. ఆ మూసేసిన షాపాయన కూడా బండి తీసెయ్యమన్నాడు. ఆవిడ ఒకటే ఏడుపండీ.” ఆగి, నా వంక అదోలా చూసింది. “అది కుక్క మాంసమేనని మీరే చెప్పేరంట కదండీ?”

నేను తెల్లారేదాకా ఆగలేదు. తిన్నగా రోడ్డు దాటి హోటల్లోకి వెళ్లాను.

“అది మేక. గిట్ట చూడలేదా మీరు?”

యజమాని తాపీగా పునుగులు తిప్పుతున్నాడు. “చూసేనండీ.”

“తెలిసే పెట్టారా?”

“మా పొట్ట మీద కొట్టేరండీ ఆళ్లు. ఇరవయ్యేళ్ల హోటలండీ ఇది.” తలెత్తాడు. “మీకూ తెలుసు కదండీ? మరి మీరెందుకు చెప్పలేదు మేస్టారూ?”

బల్ల మీదున్న నీళ్ల జగ్గు తోసేశాను. నేలంతా నీళ్లు. ఆయన కోపగించుకోలేదు. “తుడిచెయ్యండమ్మా” అని లోపలికి కేకేశాడు, అంతే. ఆ మర్యాదకి మాత్రం నేను ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు.

ఇంటికి వచ్చి గ్రూపులో రాశాను. అది మేక అనీ, గిట్ట చూస్తే తెలుస్తుందనీ, మొదటి రోజే నాకు తెలుసనీ, భయపడి అబద్ధం చెప్పాననీ. ఒకాయన ‘ఇప్పుడెందుకండీ ఇవన్నీ’ అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఇంకొకాయన పూల బొమ్మతో శుభోదయం పెట్టాడు. మధ్యాహ్నానికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. నాతో నడిచిన వాళ్లలో ఇద్దరు స్కూలు గేటు దగ్గర కనిపించినా మొహం తిప్పుకున్నారు. నేనూ తిప్పుకున్నాను.

రెండు నెలల తర్వాత వాళ్లు అమలాపురంలో బండి పెట్టారని తెలిసి ఒక శనివారం సాయంత్రం బస్సెక్కాను. బస్టాండుకి కాస్త దూరంలో కనిపించారు. అదే అల్యూమినియం పాత్ర, అదే ఆవిరి. భర్త నన్ను చూసి, పక్కకి తిరిగి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు.

“ఒక పులుసు ఇవ్వండి,” అన్నాను.

“అయిపోయింది అండి,” అంది ఆవిడ. గిన్నె నిండా పులుసు కాగుతోంది.

ఫోన్ తీసి నేను రాసింది చూపించాను. “నేను అందరికీ చెప్పానండీ. అది మేక అని రాశాను, చూడండి.”

ఆవిడ ఫోన్ వంక చూడలేదు. నా వెనకున్న కుర్రవాళ్లకి మోమోలు పళ్లెంలో పెట్టి ఇచ్చింది.

“నాకు తెలుగు చదవడం రాదు అండి. ఆ రోజు మీరు నోటితో చెప్తే చాలు అండి.”

నేను ఇంకాసేపు నిలబడ్డాను. వెనకవాళ్లు తోసుకుని ముందుకు వచ్చారు. ఆవిడ వాళ్ల గిన్నెల్లో పులుసు పోస్తుంటే చూసి, కొత్తపేట బస్సు కోసం వెనక్కి నడిచాను.