మస్తాన్ గారు బొమ్మలేసిన గోడ

మొన్న పొద్దున బోసుబొమ్మ సెంటర్లో ఆటో కోసం నిలబడి ఉంటే, ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని కొత్త ఫ్లెక్సీ కడుతున్నారు. అప్పుడే మెషీన్ మీంచి దిగిన ఫ్లెక్సీకి ఒక ఘాటైన వాసన ఉంటుంది. చాలామందికి ఆ వాసనకి తలనొప్పి వస్తుంది, నాకు మాత్రం ఆకలేస్తుంది. ఆరేళ్లపాటు ఆ వాసన మధ్యనే క్యారేజీ విప్పుకుని అన్నం తిన్నాను. ఎదురుగా మా యజమాని మస్తాన్ గారు కూర్చుని, నా గోంగూర పచ్చడి వైపు చూస్తూ, "డాక్టరు వద్దన్నాడు గానీ, కొంచెం పెట్టమ్మాయ్" అనేవారు. ఆయన పోయి రెండేళ్లయింది. తిరువూరులో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. ఎరగని మీ కోసమే ఇది రాస్తున్నాను.

ఫ్లెక్సీలు రాకముందు మస్తాన్ గారు గోడల మీద రాసేవారు. విస్సన్నపేట రోడ్డు పొడుగునా ఎరువుల ప్రకటనలు, బళ్లలో ఎక్కాలు, లారీల వెనక పిల్లల పేర్లు, అన్నీ ఆయన చేతివే. ఫ్లెక్సీ వచ్చి ఆ పని కాస్తా పోయాక, బ్రష్షులు కిరసనాయిల్లో కడిగి అటకెక్కించి, ఆ మెషీన్నే తెచ్చి షాపులో పెట్టుకున్నారు. "నా పొట్ట కొట్టింది ఇదే. అందుకే నా కళ్లముందే ఉండాలని తెచ్చుకున్నా" అని నవ్వేవారు. నేను డిగ్రీ అయ్యాక, కంప్యూటర్ మీద బొమ్మలు దిద్దడం వచ్చునన్న పొగరుతో ఆ షాపు మెట్లెక్కాను. మొదటి వారంలో ఒక షాపు ప్రారంభానికి ఫ్లెక్సీ చేశాను. నాకు తెలిసిన రంగులన్నీ అందులో పోసేశాను. మస్తాన్ గారు అది కట్టించి, నన్ను షేర్ ఆటో ఎక్కించి, దాని ముందునుంచి ఒకసారి వెళ్లి రమ్మన్నారు.

తిరిగొచ్చాక అడిగారు, "ఏం కనపడింది?"

"పూలండి."

"షాపు పేరు?"

పేరు నా కంటపడనే లేదు. "ఆర్డరు పూలకొట్టు వాళ్లది కాదుగా అమ్మాయ్" అన్నారు. అంతే. తిట్టలేదు, కోప్పడలేదు. ఆ రాత్రికి నాకు నిద్ర పట్టకపోవడానికి అదే సరిపోయింది. గోడ మీద రాసేది ఎవరి కోసమో వాళ్ల కళ్లతో చూడాలని ఆయన చెప్పిన మొదటి పాఠం అది.

నాకు బాగా చేతనైన పని ఒకటుండేది. మా షాపులో దాన్ని 'మొహం కడగడం' అనేవాళ్లం. ఫోన్లో తెచ్చిన మసక ఫొటోని తెల్లగా చేసి, మచ్చలు చెరిపి, దవడ సన్నం చేసి, కళ్ల కింద నలుపు తీసేయడం. పుట్టినరోజులకీ, గృహప్రవేశాలకీ, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకీ అందరూ నా దగ్గరికే వచ్చేవారు. నల్లగా ఉన్న నాయకుణ్ణి పాలమీగడలా చేసి పంపిన రోజు, ఆయన భార్య గుర్తుపట్టలేదని మేం రెండు రోజులు నవ్వుకున్నాం. ఈ విద్య కూడా మస్తాన్ గారి దగ్గర నేర్చుకున్నదే. బ్రష్షుతో ఆయన చేసింది నేను మౌసుతో చేశాను.

ఒక వేసవిలో కోటేశ్వరరావు గారని ఒక రైతు, భార్య నాగమణితో కలిసి, కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సీ వేయించుకోవడానికి వచ్చారు. వాళ్ల ఊరి పేరు ఇక్కడ రాయను, ఎందుకో తర్వాత మీకే అర్థమవుతుంది. ఆయన ఫొటోలో మొహం ఉబ్బి ఉంది. కళ్ల కింద సంచులు. "ఈ మధ్య మొహానికి కాస్త నీరు పట్టిందమ్మా, తోటలో ఎండ దెబ్బ" అన్నారాయన మొహమాటంగా. "ఏం కనపడదు లెండి, కడిగేస్తాగా" అన్నాను. పది నిమిషాల్లో ఆ ఉబ్బు తీసేశాను. ఆయన స్క్రీన్ మీదికి వంగి, "ఇంత బాగున్నానేంటే నేను!" అని భార్యని పిలిచి మరీ చూపించారు. ఆవిడ పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

మరుసటి ఏడాది నాగమణి గారు మళ్లీ వచ్చారు. ఈసారి పక్కన మరిది శ్రీను ఉన్నాడు. విస్సన్నపేట రూట్లో ఆటో నడిపే ముప్పై ఏళ్ల మనిషి. "ఓణీల ఫ్లెక్సీలో ఉందే, ఆ ఫొటోనే వెయ్యమ్మా. అందులో బాగున్నాడు" అన్నారావిడ. ఏ ఫ్లెక్సీకని అడగాల్సిన పని లేకపోయింది.

మస్తాన్ గారు కుర్చీలోంచి లేచి వచ్చి, "ఏమైంది బాబూ?" అని శ్రీనుని అడిగారు.

"కిడ్నీలండి. బెజవాడ తీసుకెళ్లేసరికే పూర్తిగా పోయాయన్నారు."

వాళ్లు వెళ్లాక ఆయన నా వెనక నిలబడి, ఆ ఊరి నుంచి వచ్చిన శ్రద్ధాంజలి ఆర్డర్లన్నీ తీయమన్నారు. దిద్దినవి కాదు, వాళ్లు తెచ్చిచ్చిన అసలు ఫొటోలు. పక్కపక్కన పెట్టాను. ఒక వరుస నిండి రెండో వరుసలోకి వచ్చాయి. వేరువేరు ఇళ్ల మనుషులు. అందరికీ కళ్ల కింద ఒకటే ఉబ్బు, అన్నదమ్ముల్లాగా. ఆ ఊళ్లో ఎవరికీ ఈ మొహాలన్నీ ఒక్కచోట చూసే అవకాశం లేదు. మాకుంది. చూశాం, చూసి ఒక్కొక్కటీ శుభ్రంగా చెరిపేశాం. నేను ఏడ్చేశాను. కోటేశ్వరరావు గారు బతికుండగా నా ఎదురుగా నిలబడ్డారు. నేను ఆయన జబ్బుని చేతులారా తుడిచి, బాగున్నారని చెప్పి పంపాను.

"నేర్పింది నేను, నేర్చుకున్నది నువ్వు" అన్నారు మస్తాన్ గారు. "ఏడిస్తే ఇద్దరం ఏడవాలి. ముందు టీ తాగు."

టీ తాగాక నన్ను బండెక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ మా మాట ఓపిగ్గా విన్నది. ఈ జబ్బు ఎందుకొస్తోందో పెద్ద డాక్టర్లు చూస్తున్నారనీ, ముందే తెలిస్తే మందులతో, పథ్యంతో చాలాకాలం నెట్టుకురావచ్చనీ చెప్పింది. "రక్త పరీక్ష ఇక్కడే చేస్తామండి. కానీ ఎవరూ రారు. ఊపిరాడనప్పుడు వస్తారు" అన్నది. ఎందుకు రారో మాకు తెలుసు. ఆ ఊరికి పిల్లనివ్వడానికి అప్పటికే వెనకాడుతున్నారు. జబ్బుందని తేలినవాడికన్నా, తేలనివాడే ఊరికి మేలని వాళ్ల లెక్క. అంతకుముందు ఒక సంఘం వాళ్లు అవగాహన శిబిరం పెట్టారు. దాని ఫ్లెక్సీ వేసింది మేమే. అందులో ముక్కాలు భాగం అతిథుల మొహాలు, అవీ నేను కడిగినవే. కింద చిన్న అక్షరాల్లో జబ్బు పేరు.

మస్తాన్ గారూ నేనూ ఆ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాం. చనిపోయినవాళ్ల అసలు ఫొటోలు వేసి ఒక ఫ్లెక్సీ కడతామని అడిగాం. ఒక ఇంట్లో మంచినీళ్లిచ్చి పంపేశారు, ఇంకో ఇంట్లో అవీ ఇవ్వలేదు. నాగమణి గారు అరుగు మీద కూర్చోబెట్టి, నా వైపు చూసి అన్నారు, "నువ్వే కదమ్మా ఆయన్ని అందంగా చేశావు. మళ్లీ నువ్వే ఎందుకు అట్టా చూపించడం?" మస్తాన్ గారు తొందరపెట్టలేదు. ఆవిడే గొంతు తగ్గించి, "పొద్దున్నే లేచినప్పుడు శ్రీను మొహం చూస్తే ఆయన మొహమే అండి. ఆస్పత్రికి పోదామంటే తిడతాడు. వాడికి సంబంధం చూస్తున్నాం" అన్నారు. ఆ తర్వాత, "వేసుకోండి" అన్నారు.

కోటేశ్వరరావు గారి ఫొటోలు రెండూ పక్కపక్కన వేసి ఆ ఊళ్లో కట్టాం. ఒకటి మేం కడిగింది, ఒకటి అసలుది. కింద మస్తాన్ గారు చెప్పిన మాటలు: "ఎడమవైపుది మేం దిద్దిన ఫొటో. కుడివైపుది అసలు మొహం. ఆ ఉబ్బు మేం చెరిపాం గానీ జబ్బు పోలేదు. మీకు ఇలా ఉంటే పరీక్ష చేయించుకోండి." మూడో రోజుకి ఆ ఫ్లెక్సీ లేదు. కోసింది శ్రీనే. తర్వాత వెళ్లినప్పుడు చూస్తే, అది ఒక గడ్డివాము మీద వానకి అడ్డంగా కప్పి ఉంది. మొహాలు లోపలికి తిప్పి ఉన్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. మస్తాన్ గారు మాత్రం తాపీగా అటకెక్కి బ్రష్షులు దించారు. "గోడనైతే కోసుకుపోలేరుగా" అన్నారు.

నాగమణి గారింటి గోడ రోడ్డు వైపు ఉంటుంది. ఆవిడే దగ్గరుండి సున్నం కొట్టించారు. ఫొటో మీద గళ్లు గీసి, గోడ మీద పెద్ద గళ్లు గీసి, ఒక్కో గడీ నింపుకుంటూ మస్తాన్ గారు మొహం వేయడం మొదలుపెట్టారు. నేను రంగులు కలిపి అందించాను. ఫ్లెక్సీకీ గోడకీ తేడా నాకు ఆ రోజు తెలిసింది. ఫ్లెక్సీ తయారై వస్తుంది, దాన్ని చూసి తప్పుకుంటారు. గోడ మీద బొమ్మ వేస్తుంటే మాత్రం ఎవరూ ఊరికే పోలేరు. పొలాలకెళ్లేవాళ్లు ఆగారు. "ముక్కు అట్టా ఉండదండి" అని ఒకరు, "కుడికన్ను ఇంకా మూసుకుపోయేది చివర్లో" అని ఇంకొకరు. ఒక ముసలావిడ బిందె దించి, "మా వాడికీ పొద్దున్నే ఇట్టాగే ఉండేది. సాయంత్రానికి తగ్గేది. నిద్ర ఎక్కువైందనుకున్నాం" అంది. పక్కావిడ, "మా ఆయనకి కాళ్లు" అంది. అంతకాలం ఇళ్లలో దాచుకున్న మాటలు ఆ గోడ ముందు ఒకళ్లతో ఒకళ్లు చెప్పుకున్నారు. మస్తాన్ గారు వెనక్కి తిరగకుండా, చెప్పినట్టల్లా దిద్దుకుంటూ పోయారు.

రెండోరోజు శ్రీను ఆటో ఆపుకుని వచ్చాడు. గొడవ చేస్తాడనుకుని నేను రంగు డబ్బాలు వెనక్కి జరిపాను. మస్తాన్ గారు అతన్ని చూసి, "వచ్చావా బాబూ! నీ కోసమే చూస్తున్నా. మీ అన్న ఫొటో మసకగా ఉంది, కళ్ల కింద సరిగ్గా తెలియడం లేదు. మీ ఇద్దరిదీ ఒకటే పోలికంట. కాసేపు ఇట్టా నిలబడతావా?" అన్నారు.

ఊరంతా చూస్తోంది. అన్న బొమ్మకి నిలబడనని ఎలా అంటాడు? చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మస్తాన్ గారు అతని మొహం చూడడం, గోడ మీద వేయడం, మళ్లీ చూడడం. శ్రీను చూస్తుండగానే గోడ మీద అన్న కళ్ల కింద ఉబ్బు పెరుగుతూ వచ్చింది.

"అక్కడ అంత లేదండి" అన్నాడు చివరికి.

"ఉంది బాబూ. నిన్ను చూసే వేస్తున్నా."

శ్రీను చెయ్యి పైకెత్తి, తన కంటి కింద వేలితో తడుముకున్నాడు. నాగమణి గారు లోపలికెళ్లి చీర మార్చుకుని, సంచీ పట్టుకుని వచ్చి ఆటోలో కూర్చున్నారు. శ్రీను వచ్చి ఆటో స్టార్ట్ చేశాడు. ఆటో ఆస్పత్రి వైపే తిరిగింది.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద అడిగాను, "ఫొటో నిజంగా మసకగా ఉందాండీ?"

"ఫొటో బాగానే ఉంది" అన్నారు మస్తాన్ గారు.

శ్రీనుకి జబ్బు ఉంది. కానీ మొదట్లోనే దొరికింది. చూస్తున్న సంబంధం తప్పిపోయింది, అది దాచి చెప్పను. ఇప్పటికి నాలుగేళ్లుగా మందులు వేసుకుంటూ, ఆటో నడుపుకుంటూ, పరీక్షకి వెళ్లేవాళ్లని తనే ఆస్పత్రికి తీసుకెళ్తూ మనమధ్యే ఉన్నాడు. నీళ్లిచ్చి పంపినవాళ్లూ ఇవ్వనివాళ్లూ ఆ తర్వాత ఒక్కొక్కరే షాపుకి వచ్చి, "మా వాణ్ణి కూడా వెయ్యండి" అన్నారు. నాగమణి గారి గోడ చాలక పక్కింటి గోడ కూడా తీసుకున్నాం. మస్తాన్ గారు చివరి రోజుల్లో కూడా వానలకి వెలిసిన చోటల్లా రంగు వేయించారు. చేతులు వణుకుతుంటే నాకు బ్రష్షు ఇచ్చి, పక్కన కుర్చీలో కూర్చుని, "ఉబ్బు తగ్గించకు" అనేవారు.

ఇప్పుడు షాపు నేనే నడుపుతున్నాను. ఫొటో వస్తే ముందు మొహం చూస్తాను, పని తర్వాత. ఉబ్బు గురించి అడిగితే కొందరు నవ్వుతారు, కొందరికి కోపం వస్తుంది. పోయిన నెల వినగడప నుంచి ఒక పెద్దాయన షష్టిపూర్తి ఫ్లెక్సీకి వచ్చారు. "బాబాయ్ గారూ, ఈ ఉబ్బు ఎన్నాళ్ల నుంచండీ? ఒక్కసారి రక్త పరీక్ష చేయించుకోండి" అన్నాను. "శుభమా అని షష్టిపూర్తికి వస్తే జబ్బులంటావేంటి?" అని కేకలేసి, ఆర్డరు ఇవ్వకుండానే వెళ్లిపోయారు. ఆయన మోటారుసైకిల్ స్టార్టు చేస్తుంటే నేను మెట్లు దిగి వెంటపడి, "ఫ్లెక్సీ ఇంకెక్కడైనా వేయించుకోండి, పరీక్ష మాత్రం మానొద్దు" అని రోడ్డు మీదే అరిచాను. జనం అందరూ నన్నే చూశారు. సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

వారం తర్వాత షాపు ఫోను మోగింది.

"ఆ ఫ్లెక్సీ షాపు అమ్మాయివేనా? ఆ పరీక్షకి పరగడుపునే పోవాలా, తిని పోవచ్చా?"

"తినే వెళ్లండి బాబాయ్ గారూ" అన్నాను. అని, శ్రీను నంబరు ఇచ్చాను.