మినే పెద్దమ్మ తీసుకున్న మొదటి విశ్రాంతి

ఒయికవ మినే మా సత్రానికి మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు అరవై మూడేళ్ళు. మా కొండల్లో కోతలు ముగిసి మంచు పడగానే, చుట్టుపక్కల రైతులు బియ్యం, చారుకు వేసే మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద, ముల్లంగి ఊరగాయ మూట కట్టుకుని వేడినీటి బుగ్గకు వస్తారు. తమ వంట తామే వండుకుంటూ, రోజుకు నాలుగుసార్లు నీళ్ళలో దిగుతూ, మిగతా వేళ పడుకుంటూ పది పదిహేను రోజులు గడుపుతారు. ఏడాదంతా అరిగిన ఒళ్ళు అప్పుడు కాస్త దారిలోకొస్తుంది. మినే మాత్రం నలభై ఏళ్ళ కాపురంలో ఒక్కసారీ రాలేదు. “గుర్రాన్ని ఎవరు చూస్తారు?” అనేదట.

ఆ జనవరిలో కోడలు ఫుమి స్వయంగా మూట కట్టి ఆమెను బస్సెక్కించింది. అదే ఆమెకు మింగుడుపడలేదు.

సత్రంలో పొయ్యిలు చూసుకునేదాన్ని నేనే. గది చూపించగానే ఆమె నన్ను అడిగిన మొదటి మాట, “మా కోడలు నీతో ముందే ఏమన్నా మాట్లాడిందా?”

“గది కావాలని ఉత్తరం రాసింది పెద్దమ్మా.”

“పది రోజులకేనా? ఇంకా ఎక్కువకా?”

“పదికే.”

నమ్మలేదు. మూట విప్పుతుంటే బట్టల మధ్య అన్నం వడ్డించే హస్తం కనబడింది, వాడి వాడి అంచు అరిగిపోయినది. మా వైపు అత్త ఆ హస్తాన్ని కోడలి చేతిలో పెట్టిందంటే ఇంటి పెత్తనం అప్పగించినట్టే. ఈమె దాన్ని వెంట తెచ్చేసుకుంది. కొట్టుగది తాళంచెవి మెడలో వేలాడుతోంది. స్నానానికి దిగినా తీయలేదు. గంధకం నీళ్ళకు మూడో రోజుకే అది నల్లబడింది.

ఆమెతో గది పంచుకున్న హరునో నది అవతలి ఊరి మనిషి, మాటకారి.

“మంచి కోడలక్కా నీకు. మా ఇంట్లో నా మూట నేనే కట్టుకోవాలి.”

“మంచితనం ఊరికే పుట్టుకొస్తుందా? రోజుకు నాలుగు మాటలు మాట్లాడని పిల్ల, బయల్దేరేముందు కొత్త మేజోళ్ళు తెచ్చి ఇచ్చింది.”

“కాళ్ళు చల్లబడతాయని ఇచ్చుంటుంది.”

“ఇన్నేళ్ళూ చల్లబడలేదా నా కాళ్ళు?”

వచ్చిందన్న మాటేగాని ఆమెకు విశ్రాంతి లేదు. తెల్లవారకముందే లేచి, చేయడానికేమీ లేక, నా కట్టెలు చీల్చేది. హరునో ఎండు పర్సిమన్ పండు ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసి, పక్కన పెట్టేది.

ఆరో రోజున వాళ్ళ ఊరాయన ఒకడు స్నానానికి వచ్చి, మాటల్లో మాటగా అన్నాడు. “మీ ఇంటి ముందు లారీ ఆగుంది. మీ అబ్బాయి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.”

మినే వెంటనే మూట సర్దింది. కాని ఆ మధ్యాహ్నమే మంచుకు దారి మూసుకుపోయి బస్సు రాలేదు. దాంతో టెలిఫోన్ దగ్గరకొచ్చి నిలబడింది. వాళ్ళ ఊళ్ళో రైతు సంఘానికి నేను ఫోన్ కలిపాను. ఫుమిని పిలిపించేసరికి అరగంట పట్టింది.

“లారీ ఎందుకొచ్చింది?”

“స్నానాలు బాగా చేస్తున్నారా అత్తయ్యా?” ఫుమి గొంతు నాకూ వినబడుతోంది.

“లారీ సంగతి చెప్పు.”

ఫుమి మెల్లగా అంది. “గుర్రాన్ని అమ్మేశాం. దున్నే యంత్రం వస్తోంది. మీరుంటే లారీకి అడ్డం నిలబడేవారు, మీ అబ్బాయి మీ ముందు నోరెత్తలేరు. అందుకే పంపించాను. తప్పు నాదే. కాని విశ్రాంతన్నది అబద్ధం కాదత్తయ్యా. మోకాళ్ళు పట్టుకుని మీరు గుర్రం పాకలోకెళ్ళడం రోజూ చూస్తున్నదాన్ని.”

మినే ఫోన్ పెట్టేసింది. నా పొయ్యి ముందు చాలాసేపు కూర్చుంది. అనుమానం నిజమైనందుకు ఆమె మొహంలో గెలిచిన కళ ఏమీ లేదు.

“పద్నాలుగేళ్ళు గోరువెచ్చని తవుడునీళ్ళు పెట్టాను దానికి,” అంది. “వెళ్ళేటప్పుడు ఒకసారి చూడనివ్వలేదు.”

రెండు రోజులకు దారి తెరుచుకుంది. ఆమె కదల్లేదు. “వెళ్ళను. ఖాళీ పాక చూడ్డానికా వెళ్ళేది? ఇంకో పది రోజులుంటాను. వాళ్ళే కంగారుపడనీ.”

ఆ మర్నాడు కట్టెల దగ్గరికి రాలేదు. ఏడు దాటాక, ఏమైందోనని తలుపు తీసి చూశాను. నోరు తెరుచుకుని గురకపెడుతోంది. హరునో పెదాల మీద వేలు పెట్టింది. “లేపకు. నిన్న నాలుగుసార్లు నీళ్ళలో దిగింది. నా పర్సిమన్ పళ్ళన్నీ తినేసింది.”

ఇరవయ్యో రోజున ఫుమి వచ్చింది. అత్తాకోడళ్ళు కలిసి నీళ్ళలో దిగారు. పక్కన నేను చెక్కనేల కడుగుతున్నాను. కోడలి వీపు రుద్దుతున్న మినే చేయి ఆగింది.

“భుజాల మీద ఈ కాయలెప్పటివి?”

“కట్టెలు మోసినప్పటివి.”

మినే మళ్ళీ రుద్దసాగింది. “వచ్చే ఏడు నువ్వు రా. ఇల్లు నేను చూసుకుంటాను.”

ఫుమి వెనక్కి తిరిగి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. “నన్ను పంపించి ఏం అమ్ముదామనత్తయ్యా?”

మినే నవ్వలేదు. బకెట్టెడు వేడినీళ్ళు కోడలి నెత్తిన కుమ్మరించింది.

తర్వాత పదకొండు చలికాలాలు ఆమె మా దగ్గరికి వచ్చింది, కొన్నిసార్లు ఫుమితో కలిసి. కొడుకుతో మామూలుగా మాట్లాడడానికి వరినాట్లదాకా పట్టిందట. ఆ యంత్రాన్ని మాత్రం ఎప్పుడూ “ఆ ఇనుము” అనే అనేది.